స్లైసా, స్ప్లైసా?

జావాస్క్రిప్ట్‌లో అర్రేల (వరుసగా పేర్చిన విలువల జాబితాల) మీద వాడే స్లైస్ (slice), స్ప్లైస్ (splice) పేర్లలో తేడా ఒక్క అక్షరమే, పనిలో మాత్రం చాలా దూరం. [10, 20, 30, 40, 50] అనే అర్రే మీద స్లైస్(1, 3) పిలిస్తే 20, 30 చేతికొస్తాయి, అసలు అర్రే చెక్కుచెదరదు. అవే అంకెలతో స్ప్లైస్(1, 3) పిలిస్తే 20, 30, 40 వస్తాయి, అర్రేలో 10, 50 మాత్రమే మిగులుతాయి. రెండింట్లోనూ మొదటి అంకె ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది (స్థానాల లెక్క సున్నా నుంచి). స్లైస్‌లో రెండో అంకె ఎక్కడ ఆగాలో చెబుతుంది (ఆ స్థానం లెక్కలోకి రాదు). స్ప్లైస్‌లో ఎన్ని తీసేయాలో చెబుతుంది. కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే.

మధ్యలో చేర్చడం స్ప్లైస్‌కే వచ్చు: స్ప్లైస్(1, 0, 15) దేన్నీ తీయకుండా 15ను రెండో చోట కూర్చోబెడుతుంది. అయినా ఆ అర్రేను ఇంకో ఫంక్షన్ కూడా వాడుతుంటే నేను స్ప్లైస్ జోలికి పోను. దానికి బదులు, జావాస్క్రిప్ట్ 2023 ప్రమాణంలో వచ్చిన టుస్ప్లైస్డ్ (toSpliced) అసలు అర్రేను కదపకుండా అవే మార్పులతో కొత్త అర్రే ఇస్తుంది.