అమ్మమ్మగారి ఇంటి తలుపులతో మా ఫ్లాట్: పని చేయించుకున్నాక మా అనుభవం

విజయనగరం దగ్గర మా అమ్మమ్మగారి మండువా ఇల్లు కూల్చేటప్పుడు రెండు జతల టేకు తలుపులు, ఒక గడప, నాలుగు దూలం ముక్కలు వ్యాన్‌లో వేయించుకుని విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం. ముందు మాట్లాడిన కాంట్రాక్టరు వాటిని చూడగానే "ఇవన్నీ అడితికి ఇచ్చేయండమ్మా, ప్లైవుడ్‌తో నీట్‌గా చేసేస్తా" అన్నాడు. మనసొప్పక, పాత ఇళ్ళ కలపతోనే పని చేసే ఒక డిజైనర్ దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ ముందు కొలతలు తీసుకోలేదు, స్క్రూడ్రైవర్‌తో ప్రతి చెక్కా పొడిచి చూశారు. ఎక్కడ మెత్తగా దిగిపోతే అక్కడ చెద పట్టినట్టే. ఒక తలుపు అడుగున జానెడు కోసేయాల్సిందే అని మొహమాటం లేకుండా చెప్పేశారు. తర్వాత రెండు రోజులూ మేకులు పీకడమే పని, లోపల విరిగిన మేకు ఒక్కటి తగిలినా రంపం పళ్ళు పోతాయట.

గడప దగ్గర మాత్రం వడ్రంగి మేస్త్రి చిత్రిక పట్టబోతుంటే ఆవిడ ఆపేశారు. అమ్మమ్మ శుక్రవారం శుక్రవారం రాసిన పసుపు చెక్క గీతల్లోకి ఇంకిపోయి ఉంది, కింది గడియ దిగే బొక్క చుట్టూ నల్లగా అరిగి ఉంది. చివర్లు సరిచేసి మిగతాదంతా అలాగే దేవుడి గదికి బిగించారు. మా అమ్మ ఆ రోజు చాలాసేపు అక్కడే కూర్చుంది.

తలుపులకి, అల్మారాలకి పిడులు ఏటికొప్పాకలో చేయించారు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. సహజ రంగులకి మళ్ళీ ప్రాణం పోసిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, ఊరి పేరు అందరికీ తెలుసు, అయినా మనం వెళ్ళి కొనేది బొమ్మలే కదా. "బొమ్మ ఎప్పుడో ఒకటి కొంటారండీ, పిడులైతే ఒక్కో ఇంటికి ఇరవై ముప్పై కావాలి" అన్నారావిడ. ఆ మాట నాకు బాగా పట్టింది.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండు నెలలన్న పని నాలుగు నెలలు పట్టింది, మధ్యలో ఫోన్ ఎత్తక చాలా టెన్షన్ పెట్టారు. కలప మాదే అయినా కూలీ ప్లైవుడ్ కొటేషన్‌ని దాటేసింది. అవిసె నూనె పూత వాసన వారం దాకా పోలేదు. దూలంతో చేసిన బల్ల జరపాలంటే నలుగురు కావాలి. బీచ్ గాలికి ఇనుము నిలవదని బందులన్నీ ఇత్తడివి వేయడం మాత్రం మంచి పని.

మీ ఊళ్ళో ఇల్లు కూల్చబోతుంటే దానికి ముందే ఆవిడని తీసుకెళ్ళి చూపించండి. మేం ఆలస్యంగా పిలిచాం, అప్పటికే కూలీలు గునపం పెట్టి లేపడంతో వీధి గుమ్మం మీద చెక్కిన పద్మం రెండు ముక్కలైంది.