శిక్షణ వీడియోల ప్లానింగ్‌కు గూగుల్ షీట్: చాలాకాలం వాడాక తేలింది

రైతులకు, జిన్నింగ్ మిల్లు కూలీలకు, మహిళా సంఘాలకు శిక్షణ వీడియోలు చేసేవాళ్లు హన్మకొండలో తక్కువేం లేరు. క్లయింటుతో కూర్చుని ప్లాన్ వేయడానికి వర్డ్ ఫైలు, పవర్‌పాయింట్, వాట్సాప్ గ్రూపు అన్నీ అయ్యాక మా దగ్గర నిలబడింది గూగుల్ షీట్. ఉచితమని కాదు. ఒక వరుసకు ఒకే దృశ్యం అని నియమం పెట్టుకుంటే, "మొత్తం బాగుంది గానీ జరంత మార్చండి" అనే మాటకు చోటుండదు. ఏ వరుసో చూపించక తప్పదు.

కాలమ్‌లు ఇవి: సీన్ నంబరు, తెరపై కనిపించేది, వాయిస్, తెరమీది అక్షరాలు, సెకన్లు, షాట్ ఎప్పుడు దొరుకుతుంది, ఓకే చేసేదెవరు. నంబర్లు 10, 20, 30 అని వేయాలి. మధ్యలో కొత్త సీన్ వస్తే అది 25 అవుతుంది, మిగతావి కదలవు. షీటు అంచున ఉండే వరుస నంబర్లను నమ్ముకుంటే, ఒక్క వరుస కలపగానే ఆ నంబర్లతో పెట్టిన వాయిస్ ఫైళ్ల పేర్లన్నీ తప్పుతాయి.

పత్తి తేమ మీద చేసే వీడియోలో ఒక వరుస ఇలా ఉంటుంది. సీన్ 40. తెరపై: బోరెంలో (పత్తి సంచిలో) గుచ్చిన తేమ మీటరు, అంకె స్పష్టంగా. వాయిస్: "తేమ పన్నెండు శాతం దాటితే సీసీఐ కొనదు. ఎనిమిది దాటిన కొద్దీ ధర తగ్గుతుంది." (సీసీఐ అంటే పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ.) మొత్తం 11 మాటలు. శిక్షణకు తెలుగు వాయిస్ నిమిషానికి 100 మాటలకు మించితే వినేవాళ్లు వెనకబడతారు, కాబట్టి దీనికి 7 సెకన్లు. రెండు అంకెలు చెవికెక్కాలి గనక ఇంకో 2 కలపాలి. మాటల్ని స్ప్లిట్, కౌంట్‌ఏ ఫార్ములాతో షీటే లెక్కపెడుతుంది. రెండు చోట్ల మాత్రం దెబ్బతీస్తుంది: ఖాళీ గడిని కూడా ఒక మాటగా లెక్కేస్తుంది, 12% అని రాస్తే ఒకటే అంటుంది, చదివేవారికి అవి రెండు. అందుకే వాయిస్ కాలమ్‌లో అంకెలు అక్షరాల్లోనే ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది "షాట్ ఎప్పుడు దొరుకుతుంది" కాలమ్. ఇక్కడ పత్తి ఏరుడు అక్టోబరులో మొదలవుతుంది. మేలో వీడియో కావాలని ఏప్రిల్‌లో పని అప్పగిస్తే చేనులో తీయడానికేమీ ఉండదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో జెండా పాట (రోజు మొదటి వేలం) షాట్ పొద్దున తప్పిపోతే మళ్లీ మర్నాడే. ఈ కాలమ్ ప్రకారం సార్ట్ చేసి చూపిస్తే, డెలివరీ తేదీ గురించి క్లయింటుతో వాదన సగం తగ్గుతుంది. పాత ఫుటేజీ వాడాలా, బొమ్మ గీయాలా అన్నది కూడా ఆ మొదటి మీటింగులోనే తేలిపోతుంది.

క్లయింటుకు ఎడిటర్ హక్కు ఇవ్వొద్దు, వ్యాఖ్య మాత్రమే రాయగలిగే కామెంటర్ హక్కు చాలు. ముగ్గురు నిపుణులు మూడు రకాలుగా చెప్పినా చివరి కాలమ్‌లో ఒక్క పేరే ఉండాలి. ఆ మనిషి ఓకే అన్న రోజున వెర్షన్ హిస్టరీలో ఆ కాపీకి పేరు పెట్టి, వాయిస్ కాలమ్‌ను లాక్ చేయాలి. రికార్డింగ్ అయ్యాక ఒక్క వాక్యం మార్చినా చిక్కే: అదే గొంతు, అదే మైకు, అదే గది దొరికితే తప్ప అతుకు వినిపిస్తుంది. దీన్ని ఖర్చుగా ఒప్పందంలో ముందే రాసుకోవాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆఫీసర్లు చూసేది ఫోన్‌లో. ఏడు కాలమ్‌లు ఆ తెర మీద పట్టవు. పీడీఎఫ్ తీసి, అడ్డంగా ఏ3లో ప్రింటు వేసి, కాగితం మీదే సంతకం తీసుకోవడం మేలు (పైవరుసను ఫ్రీజ్ చేసి, ప్రతి పేజీలో అది వచ్చేలా పెట్టడం మరవొద్దు). స్టోరీబోర్డు బొమ్మలు గడిలో పెడితే గోరంత అవుతాయి. అవి స్లైడ్స్‌లో ఉంచి లింకు ఇవ్వాలి. క్లయింటు అను ఫాంట్లలో (డీటీపీ సెంటర్ల పాత తెలుగు ఫాంట్లు) టైపు చేయించిన మ్యాటర్ పంపితే షీటులో చెత్తగా పడుతుంది, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. కన్వర్టర్లున్నా వత్తులు చెదురుతాయి. ఆ పని మీద పడ్డాక గొణుక్కునే బదులు, యూనికోడ్‌లోనే ఇవ్వాలని మొదటి రోజే చెప్పాలి.

వీడియో రైతు వేదికలో ప్రొజెక్టర్ మీద ఆడుతుందా, ఫోన్‌లో చూస్తారా అన్నది షీటు మొట్టమొదటి గడిలో రాసి ఉండాలి. వేదికలో పగటి వెలుతురుకు బొమ్మ పాలిపోతుంది, హాలు మారుమోగుతుంది. అక్షరాలు రెండు లైన్లకు మించకుండా, లావుగా ఉండాలి; వాయిస్ కింద సంగీతం తీసేయడమే మంచిది.

పది నిమిషాల లోపు వరుసగా సాగే వీడియోకు ఇంతకన్నా మంచి సాధనం మాకు దొరకలేదు. జవాబును బట్టి దారి మారే క్విజ్ మాడ్యూల్‌కు మాత్రం వద్దు. "తప్పైతే సీన్ 70కి" అని రాసుకుంటూ పోతే పదో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ అర్థం కాదు. దానికి గోడమీద చీటీలు అతికించి, క్లయింటును నిలబెట్టి నడిపించడమే పని. మాడ్యూల్ ఎల్ఎంఎస్‌లోకి (ఆన్‌లైన్ శిక్షణ నడిపే సాఫ్ట్‌వేర్) వెళ్లేదైతే, దాన్ని అందులో ఎక్కించే ఫార్మాట్ అయిన స్కార్మ్‌లో 1.2 వెర్షన్ కావాలా, 2004 వెర్షన్ కావాలా అన్నది కూడా ఆ రోజే వాళ్ల ఐటీ మనిషిని అడిగి రాయించుకోవాలి.