ఇల్లంతా నడిపించి చూపించే పెద్దాయన: వానలకు ముందే పిలిపించుకోండి

విజయవాడలో, మా సత్యనారాయణపురంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఇళ్ళు కట్టించే పనిలో చాలాకాలం సూపర్‌వైజరుగా చేసి మానేశారు. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే వెళ్ళి, ఇంటివాళ్ళను వెంటబెట్టుకుని డాబా మీది నుంచి గేటు దాకా నడిచి, ఎక్కడ ఏం బాగుచేయించుకోవాలో చెప్తారు. 1,000 రూపాయలు తీసుకుంటారు. రిపేరు తను చేయరు, ఫలానా మేస్త్రిని పెట్టుకోమనీ చెప్పరు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పని చేసేవాళ్ళనే వచ్చి చూడమంటే, ఏ గోడ చూపించినా పగలగొట్టాలనే అంటారు.

ఆయన ఒక్కరే తిరిగి చూసి వెళ్ళిపోరు. ఇంట్లో పెద్దవాళ్ళు, వంట చేసేవాళ్ళు కూడా వెంట నడవాలి. టీవీ, ఫ్యాన్లు ఆపేయాలి. ప్రతి గదిలోనూ మాటలు మానేసి కాసేపు నిలబడాలి. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. కానీ బాత్రూము దగ్గర అలా నిలబడినప్పుడే, ఫ్లష్ ట్యాంకులోంచి నీళ్ళు సన్నగా జారుతున్న చప్పుడు మా అత్తగారికి వినపడింది. పెద్దాయన ట్యాంకులో నాలుగు చుక్కల సిరా వేయించి, ఎవరినీ ఫ్లష్ నొక్కొద్దన్నారు. పావుగంటకల్లా కింద నీలం రంగు దిగింది. లోపల రబ్బరు వాషరు అరిగింది, అంతే. డాబా మీది ట్యాంకు నింపడానికి మోటారు అన్నిసార్లు ఎందుకు వేయాల్సి వస్తోందో అప్పుడు అర్థమైంది.

డాబా మీద ఎక్కువసేపు ఉన్నాం. పిట్టగోడ పగులులో వేలెడంత రావి మొక్క ఉంది. పైపైన పెరికేస్తే వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి, చుట్టూ సిమెంటు చెక్కించి వేరుతో సహా తీయించమన్నారు. తర్వాత ఒక బకెట్ నీళ్ళు తెప్పించి పోయించారు. నీళ్ళు గొట్టం వైపు వెళ్ళలేదు, మెట్ల గది గోడ మొదట్లో నిలిచిపోయాయి. కింద హాల్లో శ్లాబు పెచ్చులు ఊడుతున్నది సరిగ్గా ఆ చోటే. పైనుంచి దిగిన నీరు తగిలితే శ్లాబులోని ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బే కాంక్రీటును బయటికి తోస్తుంది. ‘‘కింద ఎన్ని రంగులు వేసినా దండగేనమ్మా, ముందు పైన వాలు సరిచేయించండి’’ అన్నారు.

వంటింట్లో గ్యాస్ ట్యూబు మీద అచ్చువేసిన సంవత్సరం మా అత్తగారితోనే చదివించారు. ఆ ట్యూబును ఐదేళ్ళకోసారి మార్చాలి, మాది ఎప్పుడో దాటిపోయింది. మీటరు దగ్గర ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి మీద టెస్ట్ బటన్ నన్ను నొక్కమన్నారు. నొక్కగానే కరెంటు పోవాలి. మా ఇంట్లో పోలేదు. ఇళ్ళలో మామూలుగా పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది, అంత కొంచెం కరెంటు లీకైనా వెంటనే సరఫరా కట్టేసి ప్రాణం కాపాడాల్సిన పెట్టె అది. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మార్పించాం. పెద్దాయనకిచ్చిన డబ్బు ఈ ఒక్కదానికే చెల్లిపోయింది.

మా ఆడపడుచు వాళ్ళది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు వాళ్ళ గోడలు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. రంగు వేయించిన ప్రతిసారీ బుడగలు లేస్తున్నాయంటే అక్కడికీ ఆయన్నే తీసుకెళ్ళాను. గోడ మీద చదరంగా పాలిథిన్ కవరు పెట్టి, నాలుగు వైపులా టేపు అంటించి, మర్నాడు చూడమన్నారు. కవరుకు గది వైపు చెమ్మ పడితే గాలిలో తేమ, గోడ వైపు పడితే తడి గోడలో ఉన్నట్టు. గోడ వైపే పట్టింది. పెయింటరు పుట్టీ పెట్టేద్దాం అంటున్నా పని ఆపించి, ఉప్పు పట్టిన ప్లాస్టరు గీకించి గోడను ఆరనిస్తున్నారు.

లోపాలూ ఉన్నాయి. రిపోర్టు చేత్తో రాసిస్తారు, అదీ నాలుగైదు రోజులకు గానీ ఇవ్వరు. అందులో కొన్ని ముక్కలు ఆయన్నే అడిగి చదివించుకోవాలి. వయసు వల్ల ఓవర్‌హెడ్ ట్యాంకు నిచ్చెన ఎక్కరు, మనింట్లోవాళ్ళే ఎక్కి ఫోటో తీసి చూపించాలి. బోరు మోటారు జోలికి వెళ్ళరు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళు డాబా చూపించాలంటే ముందే అసోసియేషన్‌తో మాట్లాడుకోవాలి. చిన్న ఇంటికైనా ఒక పూట పడుతుంది, ఆఫీసు టైముకు తెమిలిపోవాలనే టెన్షన్ ఉంటే ఆదివారం పెట్టుకోండి.

రిపోర్టులో వరస మాత్రం బాగుంటుంది. కరెంటు, గ్యాస్ పనులు ముందు రాస్తారు, తర్వాత నీళ్ళవి, చివరకు రంగులు. చేతిలో డబ్బు తక్కువున్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మే నెలలో పిలిపించుకుంటే వానలు పడేలోపు డాబా పనికి వ్యవధి ఉంటుంది. ఉదయం ఆరింటికే రమ్మనండి, తొమ్మిది దాటితే ఆ ఎండకు డాబా మీద కాలు పెట్టలేం.