వాలు స్థలంలో రెండు మట్టాల ఇల్లు: పదేళ్లు దాటాక

తిరుపతికి కొండ ఉత్తరాన ఉంది. అందుకే కరకంబాడి రోడ్డు వైపు, శేషాచలం అంచున స్థలం కొంటే నేల ఉత్తరం నుంచి దక్షిణానికి వాలుతుంది. వాస్తు కోరేది సరిగ్గా దీనికి ఎదురు. ఈశాన్యం పల్లంగా, నైరుతి మెరకగా ఉండాలంటారు. పైగా మాది దక్షిణం రోడ్డు. అందువల్లే ఐదు సెంట్లు, అంటే మా వైపు లెక్కలో అరవై అంకణాలు, పక్క లేఅవుట్ కంటే తక్కువ ధరకు వచ్చాయి. "ఏడుకొండలవాడే ఉత్తరాన కొలువుంటే ఇంకేం దోషం నాయనా" అని మా పెదనాన్న తేల్చేశారు. ఆ మాట మా అమ్మకు సరిపోయింది. నాకు మాత్రం వాస్తు కంటే ఎత్తుపల్లాల లెక్కే టెన్షన్. స్థలం వెడల్పు 33 అడుగులు, పొడవు 66. రోడ్డు నుంచి వెనక హద్దు చేరేసరికి ఆరడుగులు మెరక.

ఇలాంటి స్థలంలో ఎక్కువమంది ముందువైపు ఎత్తుగా గోడ లేపి, గ్రావెల్ తోలించి, మొత్తం ఒకే మట్టానికి తెస్తారు. మా మేస్త్రి కూడా అదే చెప్పాడు. మా బావ సివిల్ ఇంజినీరు, ఆయన కాగితం తీసి లెక్క వేశాడు. 2,178 చదరపు అడుగులకు సగటున మూడడుగుల మట్టి పోస్తే 6,500 ఘనపుటడుగులు దాటుతుంది. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు కాబట్టి 65 యూనిట్లు. అది తోలించడం ఒక ఖర్చయితే, దాన్ని ఆపే గోడ ఇంకో ఖర్చు. గోడ ఎత్తు రెండింతలైతే మట్టి దాన్ని తోసే బలం నాలుగింతలవుతుంది. నింపిన మట్టి మీద పునాది వేయలేం, పిల్లర్లు దాని కిందున్న అసలు నేల దాకా దిగాల్సిందే. "ఇంత చేసి నువ్వు కొనేది ఆరు మెట్లు లేకపోవడమే బామ్మర్దీ" అన్నాడు. అలా రెండు మట్టాల ప్లాను ఖాయమైంది.

ముందు భాగంలో పోర్టికో, హాలు, ఒక చిన్న గది. వెనక భాగం హాలు కంటే మూడున్నర అడుగులు ఎత్తు. అక్కడ వంటిల్లు, భోజనాల చోటు, దేవుడి గది, రెండు పడకగదులు, బాత్రూం. మధ్యలో ఏడేసి అంగుళాల మెట్లు ఆరు. వెనక నుంచి ముందు భాగం మిద్దె మీదికి ఇంకో పన్నెండు. కారు రోడ్డు మట్టంలోనే నిలుస్తుంది, ర్యాంపుతో పని లేదు.

ఆ ఆరు మెట్ల గురించే ఎక్కువ చెప్పాలి. కాగితం మీద చూస్తే హాలు పెద్దది, పదహారు అడుగుల వెడల్పు. భోజనాల చోటు పదికి పది. ఇల్లు చేరిన కొత్తలో టీవీ, సోఫా అన్నీ హాల్లోనే పెట్టాం. వంటింట్లో ఉన్నవాళ్లకు టీవీ మాట వినపడుతుంది, బొమ్మ కనపడదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు ముదిరాక సాయంత్రం ఒకసారి దిగడం కూడా మానేసింది. అమ్మ దిగకపోతే పిల్లలు దిగరు, వాళ్ల తినుబండారాలు పైనే ఉంటాయి కదా. రెండేళ్లు తిరిగేలోపే టీవీ పైకి ఎక్కింది, దాని వెనకే మేమంతా ఎక్కాం. ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఆ పదికి పది చోటులో కిక్కిరిసి కూచుంటాం. కింద అంత పెద్ద హాలు చుట్టాల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చుట్టాలొచ్చినప్పుడు కాఫీ ట్రే పట్టుకుని ఆరు మెట్లు దిగేది మా ఆవిడ. ఆమె అభిప్రాయం ఇక్కడ రాయను. వాలు స్థలంలో రెండు మట్టాలు పెడితే వంటిల్లు ఏ మట్టంలో ఉంటే సంసారం ఆ మట్టంలో ఉంటుంది. ఆ మట్టానికే ఎక్కువ చోటు ఇవ్వాలి, హాలును కోసైనా సరే.

ఇదే ప్లానులో నూటికి నూరు మార్కులు వేసేది అమ్మానాన్నల పడకగది, బాత్రూం, దేవుడి గది, వంటిల్లు ఒకే మట్టంలో ఉండటానికి. రాత్రిపూట ఎవరూ మెట్టు తొక్కక్కర్లేదు. మెట్లకు రెండు వైపులా పట్టుకునే కమ్మీ మొదటి రోజు నుంచే ఉంది. మెట్లన్నీ ఒకే నల్ల గ్రానైట్ కావడంతో సాయంత్రపు వెలుతురులో అంచు తెలిసేది కాదు. తర్వాత మొదటి మెట్టుకు, చివరి మెట్టుకు అంచున తెల్ల పట్టీ వేయించాం. ఇది కట్టేటప్పుడే చేస్తే పైసా ఖర్చు ఉండదు.

పడమటి వైపు వదిలిన ఐదడుగుల సందులో బావ మెట్లు పెట్టనివ్వలేదు, నేల ఎలా వాలిందో అలాగే దారి వేయించాడు. వెనక తలుపు నుంచి రోడ్డు దాకా పదకొండు అడుగులకు ఒక అడుగు చొప్పున దిగుతుంది. చక్రాల కుర్చీ ర్యాంపుకు జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పేది పన్నెండుకు ఒకటి. కాస్త నిటారే గానీ దాదాపు అదే. అప్పట్లో ఆ దారి గ్యాస్ సిలిండర్‌కు తప్ప దేనికీ పనికిరాదనుకున్నాం. నాన్నకు తుంటి ఆపరేషన్ అయినప్పుడు, వెనక నుంచి ఒకరు గట్టిగా పట్టుకుని, ఆ దారిలోనే కుర్చీ దింపి, ఎక్కించాం. దానికి టైల్స్ గానీ పాలిష్ చేసిన కడప రాయి గానీ వేయొద్దు. వానాకాలంలో పాచి పడితే నడిచేవాడు జారతాడు. మాది గరుకు గ్రానైట్, అయినా దీపావళి దాటాక ఒకసారి బ్లీచింగ్ చల్లి రుద్దాల్సిందే.

ఇక నీళ్లు. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరులో ఘాట్ రోడ్ల మీద కొండ చరియలు విరిగిపడి, ఊళ్లో పల్లపు వీధులు మునిగినప్పుడు పైనుంచి ఎర్రమట్టి నీళ్లు మా వెనక గోడ దాకా వచ్చాయి. ముందే ఇంటి వెనక మట్టిని అడుగున్నర తవ్వి, గోడ పొడవునా కాలువ తీసి, రెండు పక్కల సందుల గుండా రోడ్డుకు వదిలి ఉన్నాం. నీళ్లు ఇంటిని చుట్టి వెళ్లిపోయాయి. కాలువ మూడొంతులు మట్టితో పూడింది, అంతే. అదే వానలో మా వరుసలో మట్టి నింపి కట్టిన ఒక కాంపౌండు గోడ బయటికి ఒరిగింది. దానికి నీళ్లు బయటికి పోయే గొట్టాలు పెట్టలేదు. మట్టి బరువుకు నీటి బరువు తోడైతే ఏ గోడా ఆగదు. మా వెనక గోడకు ఆ గొట్టాలున్నాయి. వాటి వెనక కంకర నింపారు కాబట్టి ఇంతవరకూ మూసుకుపోలేదు.

ఈ ప్లానులో అసలు లోపం హాలు ఉత్తరపు గోడ. రెండు మట్టాలు కలిసే చోటు అది. దాని వెనక మూడున్నర అడుగుల మట్టి ఎప్పుడూ ఆనుకుని ఉంటుంది. ప్రతి నవంబరులో అడుగు నుంచి నడుము ఎత్తు దాకా చెమ్మ, ఆ తర్వాత పెయింటు పొక్కులు. ఇంటి లోపలి వైపు ఏ వాటర్‌ప్రూఫ్ రంగు పూసినా రెండో ఏడు రాలిపోతుంది, ఎందుకంటే నీరు వచ్చేది అవతలి నుంచి. పూత మట్టి వైపు వేయాలి, అదీ మట్టి నింపకముందే. ఇల్లు లేచాక ఆ వైపు చేరే దారి ఉండదు. చివరికి ఆ ఎత్తు వరకు ప్లాస్టరింగ్ కొట్టేయించి, లోపలి రాతి కట్టడాన్ని అలాగే కనపడనిచ్చి, రాళ్ల మధ్య సందులు మాత్రం పూడ్పించాం. రాయి తడుస్తుంది, ఆరుతుంది, పొక్కులు లేవు. వచ్చినవాళ్లు డిజైన్ అనుకుంటారు. బీరువా మాత్రం ఆ గోడకు ఆనించం.

సంపు సంగతి వేరే తమాషా. ఈశాన్యంలోనే ఉండాలన్నారు. మా ఈశాన్యం ఆరడుగుల మెరక మీద, కుళాయి లైను రోడ్డు దగ్గర. ప్రెషర్ తక్కువున్న రోజు నీళ్లు అంత పైకి ఎక్కవు. వాస్తు చూసినాయనే దారి చూపించారు. ముందు భాగాన్ని వేరే ఇల్లుగా లెక్కేసుకుని దాని ఈశాన్యంలో పెట్టమన్నారు. అలా సంపు తూర్పు సందు మధ్యలో కూచుంది. శాస్త్రమూ నిలిచింది, నీళ్లూ వస్తున్నాయి.

గాలి విషయంలో నేను అనుకున్నదానికంటే బాగుంది. వెనక భాగం స్లాబు ముందుదాని కంటే మూడున్నర అడుగులు పైన ఉంటుంది కాబట్టి, ఆ తేడాలో దక్షిణం వైపు వరసగా వెంటిలేటర్లు వచ్చాయి. వంటింటి వేడి అటు పోతుంది. మే నెలలో తిరుపతిలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు, కాబట్టి అటు నుంచి ఎండ పడదు. డిసెంబరులో ఎండ వంగి భోజనాల బల్ల దాకా వస్తుంది. ముందు మిద్దె మీద గది వేస్తే ఇవన్నీ మూసుకుపోతాయి. పిల్లలు పెద్దయ్యాక ఇంకో గది కావాల్సి వచ్చినప్పుడు వెనక భాగం మీదే వేశాం. పిల్లర్లు మొదటే దానికి తగ్గట్టు వేసి ఉండటం కలిసొచ్చింది. ముందు మిద్దె వడియాలకు, ఎండాకాలం పడకకు మిగిలింది.

ఇల్లు ఊడ్చే రోబో కొనుక్కోవాలనుకునేవాళ్లు రెండు కొనుక్కోవాలి.

మా బామ్మర్ది ఈ మధ్య చంద్రగిరి దగ్గర స్థలం చూశాడు. అరవై అడుగుల పొడవుకు తొమ్మిదడుగుల వాలు. మా ప్లాను జిరాక్స్ అడిగాడు. అంత వాలులో పక్క సందు దారి ఆరేడు అడుగులకే ఒక అడుగు ఎక్కుతుంది, చక్రాల కుర్చీ పోదు, వాళ్లింట్లో మా అత్తగారున్నారు. రోడ్డు మెరక వైపు ఉన్న ప్లాటు అదే లేఅవుట్లో ఇంకోటి ఉందట. అందులో రోడ్డు మట్టంలో వంటిల్లు, పెద్దవాళ్ల గది పెట్టి, వాలు కిందికి పిల్లల గదులు దించవచ్చు. ధర కొంచెం ఎక్కువ చెప్తున్నారు, బేరం నడుస్తోంది.