రాయగడ రోడ్ల మీద హైబ్రిడ్ కారు: మైలేజీ ఎంత, పికప్ ఎంత

మాది రాయగడ. ఉన్నది ఒడిశాలో అయినా ఇంట్లో తెలుగే, బజారులో సగం తెలుగే. 2023లో టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ కొన్నాను. అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, దానికో బ్యాటరీ ఉన్న బండి. బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ నడిచేటప్పుడు ఆ బ్యాటరీ దానంతటదే నిండుతుంది. మీటరు అరవై వేల కిలోమీటర్లు దాటింది. ఓడి 18 నంబరు ప్లేటుతో విజయనగరంలోనో విశాఖలోనో ఎక్కడ ఆపినా, చూసినవాళ్లు మొదట అడిగేది "లీటరుకి ఎంతిస్తోంది?" అనే. మా వైపు వాళ్లయితే వెంటనే ఇంకో ప్రశ్న వేస్తారు: "ఘాటీ ఎక్కుతుందా?" ఘాటీ అంటే మలుపుల కొండ దారి. ఇన్నాళ్లు నడిపాక నాకు తెలిసిందేమిటంటే, ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. డిక్కీ కింద ఉన్న చిన్న బ్యాటరీలో.

ముందు నా తిరుగుడు చెప్పాలి, లేకపోతే అంకెలకు అర్థం ఉండదు. మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. వారమంతా ఊళ్లోనే చిన్న చిన్న తిరుగుళ్లు, మధ్యమధ్య గుణుపూర్, మునిగూడ. పార్వతీపురం, విజయనగరం నెలలో చాలాసార్లు. మా బావమరిది సునాబెడలో ఉంటాడు కాబట్టి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వైపు, లేదా విజయనగరం నుంచి సాలూరు ఘాటీ ఎక్కి అటు వెళ్లడం కూడా మామూలే. అంటే ఇరుకు బజారు, మైదానం రోడ్డు, కొండ దారి, మూడూ ఈ బండి చూసింది.

కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. అది పరీక్షశాల లెక్క. నాకు రాయగడ ఊళ్లో, వర్షాకాలం చలికాలాల్లో 24 నుంచి 26 దాకా వస్తుంది. ఎండాకాలంలో ఏసీ వల్ల 21, 22కి దిగుతుంది. ఈ బండిలో ఏసీ కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది. ఇంజిన్ ఆగినా చల్లగాలి ఆగదు. కానీ ఆ కరెంటు కోసం నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ మధ్యలో లేచి బ్యాటరీ నింపుకుంటుంది. అయినా ఊళ్లో ఇలాంటి మైలేజీ ఇచ్చే ఇంత పెద్ద పెట్రోలు బండి నేను చూడలేదు. చైత్రంలో మజ్జిగౌరమ్మ జాతర రద్దీలో అడుగులో అడుగు వేస్తూ వెళ్తున్నప్పుడు చాలాసేపు ఇంజిన్ అసలు లేవదు. మామూలు బండి పెట్రోలు ఎక్కువ తాగేది అక్కడే, ఇది మిగిల్చేదీ అక్కడే.

పెట్రోలు గురించి సరిహద్దు మాట ఒకటి. ఆంధ్రాలో లీటరు ధర మా దగ్గర కంటే నాలుగైదు రూపాయల పైనే ఎక్కువ. కూనేరు దగ్గర ఆంధ్రాలో అడుగుపెట్టే ముందే ట్యాంకు నింపుకోవడం ఇక్కడ అందరికీ అలవాటు. 45 లీటర్ల ట్యాంకు నింపితే విశాఖ వెళ్లి, అక్కడ పనులన్నీ చూసుకుని, ఆ పెట్రోలుతోనే తిరిగి వచ్చేస్తాను. బొబ్బిలి దగ్గర ముల్లు చూసి బెంగపడే రోజులు పోయాయి. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు వచ్చాక మైలేజీ కొంచెం తగ్గిన మాట నిజమే. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కదా, ఆ తేడా ఏ బండిలోనైనా కనబడాల్సిందే.

మైదానం రోడ్డు మీద వేగాన్ని బట్టి ఫలితం. పార్వతీపురం రోడ్డులో అరవై డెబ్భైల్లో సాఫీగా పోతే 23, 24 వస్తుంది. విజయనగరం దాటి హైవే ఎక్కి వంద పైన పట్టుకుంటే 18కి వచ్చేస్తుంది. ఆ వేగంలో బ్రేకు వేసే పనే తక్కువ కాబట్టి బ్యాటరీకి తిరిగి చేరేదీ తక్కువే. బరువంతా ఇంజిన్ మోస్తుంది. రోజూ హైవే మీద నూట పదిలో పోయేవాళ్లు హైబ్రిడ్ కోసం అదనంగా డబ్బు పెట్టడం నాకు దండగే అనిపిస్తుంది.

ఇక ఘాటీ. అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఇందులో ఉన్నది 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్. అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తుంది. గాలి లోపలికి వచ్చే వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, అందువల్ల ప్రతి చుక్క నుంచీ ఎక్కువ పని రాబడుతుంది గానీ బలం తగ్గుతుంది. ఇంజిన్ ఒక్కటే అయితే 92 పీఎస్ (బండి శక్తిని కొలిచే లెక్క, దాదాపు హార్స్‌పవరే). మోటారు 80 పీఎస్. రెండూ కూడితే 172 రావాలి కదా అనుకుంటాం. కంపెనీ ఇచ్చే ఉమ్మడి అంకె మాత్రం 116. ఎందుకంటే మోటారు ఎంత పెద్దదైనా, ఆ చిన్న బ్యాటరీ ఒక్కసారిగా ఇవ్వగలిగే కరెంటుకు హద్దు ఉంది.

ఆ బ్యాటరీ మొత్తం 0.76 యూనిట్లు. ఇంట్లో కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటామే, అంత కూడా కాదు. దాన్నీ అడుగు దాకా వాడనివ్వదు బండి. ఇప్పుడు సాలూరు ఘాటీ లెక్క వేద్దాం. కింద నుంచి పొట్టంగి వైపు పైకి చేరేసరికి సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు ఎక్కుతాం. మనుషులతో కలిపి టన్నున్నర బరువును అంత ఎత్తుకు లేపడానికే దాదాపు మూడు యూనిట్ల శక్తి కావాలి. గాలి, టైర్ల రాపిడి అదనం. కాబట్టి మొదటి మలుపుల్లో మోటారు సాయంతో బండి హుషారుగా ఎక్కుతుంది. కొంత దూరం పోయాక తెర మీద బ్యాటరీ ఎంత ఉందో చూపే గీతలు రెండుకు పడిపోతాయి. అక్కడి నుంచి 92 పీఎస్ ఇంజిన్ ఒక్కటే మీకు దిక్కు.

ఆ సమయంలో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, వేగం మాత్రం మెల్లగా పెరుగుతుంది. గేర్లు మారే చప్పుడు ఉండదు కాబట్టి ఆ అరుపు ఒకే స్థాయిలో సాగుతుంది. మొదటిసారి మా బావమరిది ముందు సీట్లో కూర్చుని "ఇదేటి బావా, ఇంత అరుస్తంది?" అన్నాడు. బండికి ఏం కాలేదు. ఇందులో బెల్టూ లేదు, క్లచ్చూ లేదు, ఒక గేర్ల చక్రం సెట్టు ద్వారా ఇంజిన్, మోటారు కలిసి పనిచేస్తాయి. ఎక్కువ బలం కావాలంటే ఇంజిన్ వేగం పెంచడమే దానికి తెలిసిన దారి. ఎక్కేటప్పుడు తెర మీద మైలేజీ 9, 10 చూపిస్తుంది. ఖాళీ చేతులతో పైకి చేరిన బ్యాటరీతో అక్కడ ఏ లారీనీ చురుగ్గా దాటలేం.

దిగేటప్పుడు పోయిందంతా తిరిగి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. దిగుడు మొదలైన కొన్ని మలుపులకే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చే శక్తిని పెట్టుకోవడానికి చోటు లేదు. గేరు లివర్‌ను బీ (దిగుడులో బండిని పట్టి ఉంచే స్థానం) లోకి వేస్తే బండి ఇంజిన్‌ను పెట్రోలు లేకుండా ఊరికే తిప్పుతూ ఆ శక్తిని కరిగిస్తుంది. చప్పుడు వస్తుంది, భయపడొద్దు, బ్రేకులు వేడెక్కకుండా కాపాడేది అదే. వర్షంలో, పొగమంచులో ఆ ఘాటీ దిగేవాళ్లకు బీ అలవాటు చేసుకోమని గట్టిగా చెబుతాను. ఎక్కడం దిగడం రెండూ కలిపి చూస్తే నాకు 19 దాకా వస్తుంది. చెడ్డది కాదు, కానీ దానికోసం హైబ్రిడ్ కొనాల్సిన పని లేదు.

కొన్ని పద్ధతులు పనిచేస్తాయి. సాలూరు ఊళ్లో ఈవీ బటన్ (బ్యాటరీతోనే నడిపేది) నొక్కి బ్యాటరీ ఖర్చు పెట్టకూడదు. ఘాటీ మొదలవకముందే పవర్ మోడ్ వేసుకోవాలి. నలభై, యాభైల్లో ఒకే తీరున ఎక్కుతూ బ్యాటరీని మిగుల్చుకోవాలి, లారీని దాటే చోట దాన్ని వాడుకోవాలి. ఇలా నడిపితే ఇబ్బంది సగానికి తగ్గుతుంది. అదే దారిలో మా బావమరిది 1.5 లీటర్ల టర్బో డీజిల్ బండి కాగితం మీద ఇదే 116 పీఎస్. కానీ దాని టార్క్, అంటే తిప్పే బలం, 250 ఎన్ఎం, నా ఇంజిన్‌ది 122. ఘాటీ మొదట ఎంత బలం ఉందో చివరా అంతే ఉంటుంది దానికి. ఐదుగురితో, సామానుతో పైకి పోతున్నప్పుడు ఆ తేడా డ్రైవరుకే కాదు, వెనక కూర్చున్నవాళ్లకీ తెలుస్తుంది.

అయితే పికప్ అంటే ఘాటీ ఒక్కటే కాదు. మా రోడ్ల మీద నిజంగా కావాల్సింది సున్నా నుంచి యాభై దాకా చురుకుదనం. గతుకు దగ్గర ఆపి, మళ్లీ కదిలి, ఎదురుగా ఆటో వచ్చేలోపు ఎద్దుల బండిని దాటాలి. అక్కడ ఈ మోటారుకు సాటి లేదు. కాలు పెట్టిన క్షణంలో కదులుతుంది, గేరు వెతుక్కోదు. గుణుపూర్ రోడ్డులో డీజిల్ కంటే నాకు ఇదే సుఖంగా ఉంటుంది. ఎనభై నుంచి నూట ఇరవై దాకా పోవాలంటే మాత్రం ముందు ఖాళీ రోడ్డు ఎక్కువ ఉండాలి.

డబ్బు లెక్కకు వస్తే, ఇదే బండి మామూలు పెట్రోలు ఆటోమేటిక్‌తో పోలిస్తే రోడ్డు మీదికి వచ్చేసరికి నాకు రెండున్నర లక్షల పైచిలుకు ఎక్కువైంది. ఒడిశాలో 2021 విధానం కింద పన్ను మినహాయింపు ఎలక్ట్రిక్ బండ్లకే ఇచ్చారు, హైబ్రిడ్‌కు కాదు. పెట్రోలు 103 రూపాయలు, నాకు సగటున 23, మామూలు బండికి 15 అనుకుంటే కిలోమీటరుకు సుమారు 2 రూపాయల 40 పైసలు మిగులుతాయి. అంటే లక్ష కిలోమీటర్లు దాటాకే అసలు తిరిగి వస్తుంది. హైబ్రిడ్ బ్యాటరీకి వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నా తిరుగుడుకు ఆ గడువులోపే గిట్టుబాటవుతుంది. ఏడాదికి ఎనిమిది వేలు తిరిగేవాళ్లకు కాదు.

డిక్కీ 265 లీటర్లే. బ్యాటరీ చోటు తినేసింది. మందుల అట్టపెట్టెలు వెనక సీటు మడిస్తే గానీ పట్టవు. పెళ్లికి వెళ్లే కుటుంబం పెట్టెలు సర్దుకోవడం కష్టమే. బ్యాటరీని చల్లబరిచే గాలి జాలీకి అడ్డంగా సామాను పెట్టకూడదు, మా ఎర్ర దుమ్ముకు దాన్ని సర్వీసులో తప్పక శుభ్రం చేయించాలి. ఇంకో ముఖ్యమైన విషయం: మామూలు బండ్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఇందులోనూ ఉంది. అది నీరసిస్తే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి రెడీ అవ్వదు. వేసవి సెలవుల్లో ఊరెళ్లి వచ్చాక మాకు అదే జరిగింది. హైబ్రిడ్ అనగానే వీధి మెకానిక్ చెయ్యి పెట్టడానికి భయపడ్డాడు, చివరికి జంపర్ వైర్లతో లేపాం. ఆ వైర్లు ఇప్పుడు డిక్కీలోనే ఉంటాయి. బ్రేకు ప్యాడ్‌లు మాత్రం ఇప్పటికీ మొదటివే. వేగం తగ్గించే పనిలో ఎక్కువ భాగం మోటారే చేస్తుంది కాబట్టి అవి అరగడం లేదు.

ఈమధ్య బావమరిది తన బండి మార్చాలని అడిగాడు. కొరాపుట్, సునాబెడ, దమన్‌జోడి మధ్యే అతని బతుకంతా, వారానికోసారి సాలూరు దిగి ఎక్కాలి. మళ్లీ డీజిలే తీసుకోమన్నాను. రాయగడ, పర్లాకిమిడి, బరంపురం లాంటి ఊళ్లలో ఉంటూ ఏడాదికి పదిహేను వేలు పైన తిరిగేవాళ్లకైతే రెండో ఆలోచన లేకుండా హైబ్రిడ్ చెబుతాను. టెస్ట్ డ్రైవ్‌కు షోరూం చుట్టూ ఉన్న రోడ్డు చాలదు. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, ఘాటీలో సగం పైగా ఎక్కనివ్వమని అడగండి. బ్యాటరీ గీతలు రెండుకు పడ్డాక యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి చూడండి. అప్పుడు వినబడే చప్పుడు, కనబడే వేగం మీకు సరే అనిపిస్తే అడ్వాన్స్ కట్టేయండి.