పొందూరు నేత దుప్పటి: రెండు చలికాలాలు కప్పుకున్నాక

పొందూరు అనగానే సన్నని ఖాదీ పంచెలే అందరికీ గుర్తుకు వస్తాయి గాని, నేను అక్కడి నేత కుటుంబం చేత చేయించుకున్నది కాస్త ముతక నూలుతో నేసిన దుప్పటి. 2,600 రూపాయలు తీసుకున్నారు. శ్రీకాకుళంలో మా ఇంట ఇది రెండు చలికాలాలుగా వాడుకలో ఉంది.

ముందుగా నూలు గురించి చెప్పాలి. నూలు వడికేది అదే వీధిలోని మరో ఇంటివారు. ఆ ఇంటి అరుగు మీద పెద్దావిడ వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తిని దువ్వుతుంటే పక్కనే కూర్చుని చాలాసేపు చూశాను. ఆ దవడలోని సన్నని పళ్ల వరుస గింజకు అంటుకున్న పీచును తీరుగా సాగదీస్తూ, చెత్తను, పొట్టి పీచును వదిలిస్తుంది. ఆ తర్వాతే గింజ తీయడం, దూదిని ఏకడం, ఏకులు చుట్టి అరటి దొప్పలో దాచడం, రాట్నం మీద వడకడం. పొందూరు సన్ననూలు నూరు కౌంటును (కౌంటు అంటే నూలు సన్నదనానికి కొలత, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం) అందుకోవడానికి ఈ తొలి పనిలోని ఓర్పే కారణమని చూశాక నాకు నమ్మకం కుదిరింది. నా దుప్పటి నూలు అంత సన్నం కాకపోయినా, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటే పోగు ఒకచోట లావుగా, మరొకచోట పలుచగా కనిపిస్తుంది. చేతివడుకును పోల్చుకోవడానికి నేను మొదట చూసేది అదే.

కప్పుకుంటే బరువు అనిపించదు, తెల్లవారుజాము మంచుకు చాలినంత వెచ్చగా ఉంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతోంది. గుంట మగ్గం వెడల్పు చాలక రెండు పన్నాలు నేసి నడిమికి కలిపి కుట్టారు. ఆ కుట్టు దగ్గర అంచుల గీతలు ఒక వేలు వాసి తప్పాయి. అంత శ్రమపడి నేసిన బట్టకు కుట్టు కూడా అంతే శ్రద్ధగా పడి ఉండవలసింది.

అసలు ఇబ్బంది తొలి ఉతుకుతో వచ్చింది. పడుగుకు, అంటే నిలువు పోగులకు, పట్టించిన గంజి వదలగానే దుప్పటి పొడవు నాలుగు అంగుళాలు తగ్గి, పొడగరి అయిన మా అబ్బాయికి పాదాలు బయటపడ్డాయి. ఈ సంగతి అమ్మేటప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. కొనేవారు ఒక రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఆ తర్వాతే కొలత చూసుకోవాలి.

అయినా రెండోది కూడా వారికే చెప్పాను, ఈసారి పొడవు మూరెడు ఎక్కువ.