నామినీయా, జాయింట్ ఖాతానా, వీలునామానా: ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు మన తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు. బ్యాంకులో నామినీ ఉన్నాక జాయింట్ ఖాతా ఎందుకు, ఆ రెండూ ఉంటే వీలునామా దేనికి అని. మనిషి పోయాక డబ్బు ఎంత త్వరగా ఇంట్లోవాళ్ల చేతికొస్తుందన్నదే అందరూ చూస్తారు. నేను మాత్రం ముందు చూసేది, ఏది మనకు తెలియకుండా పాతబడిపోతుందో అని.

నామినేషన్ అలాగే పాతబడుతుంది. పాస్‌బుక్ మొదటి పేజీ తీసి చూడండి. చాలావాటిలో ‘నామినేషన్ రిజిస్టర్డ్’ అన్న ముద్రే గానీ పేరుండదు. పేపర్ మిల్లులో చేరిన కొత్తలో తెరిచిన ఖాతాకి అమ్మ పేరు రాసి ఉంటారు. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు. బ్యాంకు లెక్కలో ఇంకా అమ్మే. ఆవిడ కాలం చేసి ఉంటే నామినీ లేనట్టే. అప్పుడు లీగల్ హెయిర్ సర్టిఫికెట్ (వారసులెవరో చెప్పే పత్రం) కోసం తహసీల్దారు ఆఫీసుకి, మొత్తం పెద్దదైతే కోర్టుకి తిరగాల్సి రావచ్చు. పీఎఫ్ దీనికి తలకిందులు. పెళ్లికి ముందు చేసిన నామినేషన్ పెళ్లితోనే చెల్లకుండా పోతుంది, మళ్లీ కొత్తది పెట్టాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు.

పేర్ల తిప్పలు ఇంకోటి. పార్వతీపురం నుంచి వచ్చిన కోడలికి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఇక్కడి కాగితాల్లో అత్తింటిది. ఫారంలో ఏది రాశారో పదేళ్ల తర్వాత ఎవరికి గుర్తు? ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయించండి.

“నామినీ నేనే కదా బాబాయ్, ఇంక వాటాలేంటి?” అని అడిగేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు డబ్బుకి నామినీ అంటే తీసుకుని వారసులకి అప్పజెప్పే మనిషే, యజమాని కాదు. నామినీ విషయంలో సుప్రీంకోర్టు 1984లో ఒక ఎల్‌ఐసీ కేసులో, 2023లో షేర్ల కేసులో ఇదే చెప్పింది. బీమాకి 2015లో చట్టం మారింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే లబ్ధిదారులే, అంటే ఆ డబ్బు వాళ్లదే అంటోంది. దానిమీదా కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలను, ఎవరికెంత శాతమో రాసి మరీ పెట్టుకోవచ్చు. లాకర్‌కి మాత్రం ఒకరి తర్వాత ఒకరే.

భార్యాభర్తలకైతే నా ఓటు జాయింట్ ఖాతాకే, అదీ ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు) పద్ధతిలో. రెండో మనిషి సంతకం బ్యాంకులో ఉంటుంది, పాస్‌బుక్ చేతిలో ఉంటుంది, కాబట్టి ఎవరి పేరుందో మర్చిపోయే ప్రసక్తే లేదు. ఒకరు పోతే రెండోవారు ఖాతా నడుపుకోవచ్చు. ఎఫ్‌డీల (ఫిక్స్‌డ్ డిపాజిట్ల) దగ్గర ఒక మెలిక ఉంది. ఒకరు పోయాక గడువుకి ముందే తీసుకోవాలంటే, అందుకు ఒప్పుకుంటూ ఇద్దరూ ముందే సంతకం చేసి ఇచ్చి ఉండాలి. డిపాజిట్ వేసే రోజే ఆ పని కానిచ్చేయండి. కొడుకుల్లో ఒక్కడినే జాయింట్‌లో పెట్టడం మాత్రం నాకు నచ్చదు. సాయానికని పెడతారు, చివరికి కూతుళ్లతో తగువు మిగులుతుంది.

వీలునామా ఆస్తి ఎవరిదో తేలుస్తుంది, దినాల ఖర్చుకి డబ్బు తేదు. తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి, ఇద్దరు సాక్షులతోనూ పెట్టిస్తే చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. భూమో ఇల్లో ఉన్నవాళ్లు రాయాల్సిందే. ఇక ఏటీఎం పిన్ చెప్పి ఉంచితే చాలనేవాళ్లకి ఒకటే మాట: మనిషి పోయాక ఆ కార్డు వాడటం చట్టం ఒప్పుకోదు.

మా ఇంట్లో ఈమధ్యే ఖర్చుల ఖాతా, ఎఫ్‌డీలు ఇద్దరి పేరునా మార్పించుకుని, వాటికీ నామినీని పెట్టాం. ఇద్దరమూ పోయాకే ఆ నామినీ వంతు వస్తుంది. పీఎఫ్, పీపీఎఫ్ (ఎవరైనా తెరుచుకోగల దీర్ఘకాల పొదుపు ఖాతా), మామూలు బీమా పాలసీల్లో జాయింట్ కుదరదు, అక్కడ నామినీయే గతి. బ్యాంకులో నామినీ మార్పు ఫారం ఇచ్చి ఊరికే వచ్చేయకండి, ముద్ర వేసిన రసీదు అడగండి. బ్యాంకు అది ఇవ్వాలి.